ఓకాప్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. హైతీలో పేద పిల్లలకు సోలార్ పని నేర్పడానికి కాప్-హైతియెన్ (అక్కడివాళ్లు ఓకాప్ అంటారు) వెళ్తున్నావని అమ్మ చెప్పింది. నువ్వు రాసుకున్న పాఠాల పట్టిక కూడా పంపింది. మొదటి రెండు వారాలూ సిలికాన్, ఎలక్ట్రాన్లు అంటూ నింపేశావు. అవన్నీ చివరికి నెట్టెయ్. మొదటి రోజే పిల్లల చేతికి వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఇవ్వు.

నేను ఈ తప్పు చేసినవాణ్నే. పైగా పాఠాలన్నీ ఫ్రెంచిలో రాయించుకుని మరీ వెళ్లాను. ఏం చెప్పినా పిల్లలు "వీ, వీ" (అవును, అవును) అంటూ తలలూపేవారు. పరీక్ష పెడితే సగం మంది తెల్ల కాగితాలే ఇచ్చారు. 1987 రాజ్యాంగం వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే క్రియోల్‌ను కూడా అధికార భాషను చేసింది కానీ, బడిలో పెత్తనం మాత్రం ఫ్రెంచిదే. "పాలే ఫ్రాంసే పా ది లెస్ప్రీ" అని వాళ్లకో సామెత ఉంది. ఫ్రెంచి మాట్లాడినంత మాత్రాన తెలివి ఉన్నట్టు కాదని. అది నాకు చెప్పింది ఒక విద్యార్థినే. ఎవరిని ఉద్దేశించి అన్నదో నేను అడగలేదు. మనం కరెంటు అన్నట్టే వాళ్లు 'కూరాన్' అంటారు, బ్యాటరీని 'బాత్రి' అంటారు. వెళ్లేలోగా ఓ రెండు వందల మాటలైనా నేర్చుకో. నీ ఉచ్చారణకు వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వు. ఆ నవ్వుతోనే క్లాసులో మాటలు మొదలవుతాయి.

ఇక అసలు సంగతి. నేర్పాల్సింది బిగించే పని కాదు, బాగుచేసే పని. హైతీలోనే మీర్‌బలే ఊళ్లోని పెద్దాసుపత్రిని 2013లో తెరిచినప్పుడు కప్పు మీద 1,800కు పైగా ప్యానెళ్లు పెట్టారు. అలాంటి చోట ఉద్యోగం దొరికేది ఎంతమందికి? మిగతావాళ్లకు కూడు పెట్టేవి ఇళ్లలో, బళ్లలో, ఫోన్లు ఛార్జింగ్ చేసే కొట్లలో మూలపడిన చిన్న చిన్న సిస్టమ్‌లే. ఒకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ మీద ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. ప్యానెళ్లు తళతళలాడుతున్నాయి, లోపల దీపం లేదు. పదిహేడేళ్ల అమ్మాయి బ్యాటరీ మూత విప్పి, టార్చి వేసి చూసి, ఏమీ మాట్లాడకుండా టార్చి నా చేతికిచ్చింది. నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి, అంచుల్లో తెల్లగా పొరలు కట్టాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలని ఆ కాపలాదారుకు ఎవరూ చెప్పలేదట. నేను రెండు వారాలు చెప్పిన పాఠమంతా ఆ పిల్లకు ఆ ఒక్క చూపులో అర్థమైంది.

కనుక రోజూ కొలిపించు. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలు ఊరుకున్న 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలో 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.1కి పడిందంటే సగానికి వచ్చినట్టు. లెక్కలకు వాళ్ల ఇంటినే తీసుకో. 5 వాట్ల బల్బులు మూడు, 5 గంటలు వెలిగితే 75 వాట్-గంటలు. 100 ఆంపియర్-గంటల 12 వోల్టుల బ్యాటరీలో 1,200 వాట్-గంటలు ఉంటాయి, అందులో సగమే వాడుకోవాలి. తర్వాత ఆ ఇంట్లో కిరోసిన్ బుడ్డికి నెలకు ఎంత అవుతుందో వాళ్లనే చెప్పమను. భాగహారం రాదని మొండికేసినవాడు కూడా ఆ లెక్క నోటితోనే చేసేస్తాడు.

ప్యానెల్ వాలు సంగతిలో నీకు కష్టం లేదు. కాప్-హైతియెన్‌దీ మన ఆదిలాబాద్‌దీ దాదాపు ఒకే అక్షాంశం. ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, 20 డిగ్రీలు వంచితే చాలు. తుపాన్లు మాత్రం వేరే లెక్క. జూన్ నుంచి నవంబరు దాకా అదే భయం. 2016లో మాథ్యూ తుపాను దక్షిణ తీరాన్ని ఊడ్చేసింది. గాలివాన కబురు రాగానే ప్యానెల్ విప్పి ఇంట్లో పెట్టడం, మళ్లీ సరిగ్గా బిగించడం కూడా పాఠమే అనుకో. అన్నట్టు అక్కడ కరెంటు 110 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడి ఇన్వర్టర్ మోసుకెళ్లకు.

బ్యాటరీ దగ్గరికి వచ్చేముందు ఉంగరాలు, గొలుసులు తీయించు, సిగ్గుపడినా సరే. యాసిడ్ కలిపే పని మాత్రం వాళ్ల చేత చేయించకు.

మధ్యాహ్నం తిండి పెట్టని క్లాసులో మూడు దాటాక ఎవరికీ ఏదీ ఎక్కదు. టాప్-టాప్ (అక్కడి షేర్ బండి) ఎక్కడానికి డబ్బుల్లేక మానేసేవాళ్లు ఉంటారు, వాళ్లను బద్ధకస్తులు అనుకోకు. నీ బడ్జెట్‌లో సర్టిఫికెట్ల అచ్చు ఖర్చు కాస్త ఘనంగానే ఉంది. అది తగ్గించి ఒక్కొక్కరికి పనిముట్ల సంచి ఇవ్వు: మల్టీమీటర్, తీగ కొనలు నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్, స్పానర్లు, ఫ్యూజులు. సంచి ఉన్నవాణ్ని వీధిలో ఎవరో ఒకరు పనికి పిలుస్తారు.

నా పాత మల్టీమీటర్ మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. నల్ల తీగ మొదట్లో కాస్త వదులు, టేపు చుట్టాను. వోల్టులు సరిగ్గానే చూపిస్తుంది.

మీ మామయ్య