సండే స్కూల్లో కథ అయ్యాక నీతి చెప్పాలా? నా అనుభవం

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు బైబిలు కథలు ఇష్టంగానే వింటున్నారు, కానీ అందులోని విశ్వాసం, నీతి వాళ్లకు ఎక్కడం లేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. గుంటూరు దగ్గర ఒక పల్లె సంఘంలో (చర్చిలో) పద్నాలుగేళ్లుగా సండే స్కూల్, అంటే ఆదివారం పిల్లలకు బైబిలు క్లాసు, చెబుతున్నాను. నా సలహా ఒక్కటే. చివర్లో నీతి చెప్పడం మానేసి చూడండి.

మొదట్లో నేనూ కథ అవ్వగానే "ఇందులో మనం ఏం నేర్చుకున్నాం?" అనేదాన్ని. జవాబు ఎప్పుడూ రెడీ. "ప్రార్థన చేయాలి, బైబిల్ చదవాలి, అమ్మానాన్నల మాట వినాలి." నోవహు ఓడకీ అదే, దావీదు గొల్యాతు కథకీ అదే. ఒకసారి కథ సగంలో ఉండగానే ఒకడు లేచి ఆ మూడూ అప్పజెప్పేసి కూర్చున్నాడు. వాణ్ణి ఏమనాలి? నేర్పింది నేనే కదా.

మార్పు వచ్చింది మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథతో. మా పిల్లలకు ద్రాక్షలు బండి మీద చూడటమే తప్ప తోట తెలియదు. అందుకని "బైబిల్లో ద్రాక్షతోట, మనం మిరప చేను అనుకుందాం" అని ముందే చెప్పి మొదలుపెట్టాను. తెల్లవారుజామున కొందరు పనిలోకి దిగారు. తొమ్మిదింటికి కొందరు, పన్నెండింటికి, మూడింటికి ఇంకొందరు. సాయంత్రం ఐదింటికి కూడా ఆసామి వెళ్లి, ఖాళీగా నిలబడ్డవాళ్లను పిలుచుకొచ్చాడు. కూలి ఇచ్చేటప్పుడు ఆఖర్న వచ్చినవాళ్లకే ముందు ఇచ్చాడు, అదీ రోజంతటి కూలి. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లకూ అంతే.

క్లాసంతా గోల. "అన్యాయం టీచర్! రేపటినుంచి అందరూ ఐదింటికే వస్తారు." ఒకడైతే ఆసామితో నేరుగా మాట్లాడతానన్నాడు. అప్పుడు వెనకనుంచి ఒక పాప అంది, "వాళ్లను ఎవరూ పిలవలేదు కదా టీచర్. మా అమ్మకి కూడా ఒక్కోరోజు పని దొరకదు. ఆ రోజూ బియ్యం కావాలిగా." వాళ్లమ్మ కోతల కాలంలో చీకటితోనే ఆటో ఎక్కే మనిషి. కృప గురించి, అంటే అర్హత చూడకుండా దేవుడు చూపే దయ గురించి, నోట్సులో నాలుగు పాయింట్లు రాసుకెళ్లాను. ఒక్కటీ చదవలేదు.

తర్వాత గమనిస్తే యేసు కూడా చాలాచోట్ల ముడి విప్పకుండానే వదిలేశాడు. దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఇద్దరు చూసి పక్కనుంచి వెళ్లిపోతే మూడోవాడు ఆదుకున్న మంచి సమరయుడి కథ చివర "ఈ ముగ్గురిలో పొరుగువాడెవడు?" అని ఎదుటివాణ్ణే అడిగాడు. నాతాను ప్రవక్త సంగతీ అంతే. వేరొకడి భార్యను తీసుకున్న దావీదు రాజు దగ్గరికెళ్లి, పేదవాడికున్న ఒక్క గొర్రెపిల్లనూ డబ్బున్నవాడు లాక్కుని వండించాడని చెబితే, దావీదు మండిపడి తనకు తెలియకుండానే తన మీదే తీర్పు చెప్పేసుకున్నాడు. "ఆ మనిషివి నువ్వే" అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. టీనేజ్ పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. ఉపదేశం వాసన వస్తే చాలు, వాళ్లు ఫోన్ తీస్తారు.

ఏ కథ పడితే ఆ కథ మాత్రం చెప్పకండి. ఒకసారి ఎలీషా ప్రవక్తను "బోడివాడా" అని ఎగతాళి చేసిన 42 మందిని ఎలుగుబంట్లు చీల్చిన కథ బాగా నటించి మరీ చెప్పాను. మా సంఘ పెద్ద ఒకాయనకు బట్టతల. అంతకుముందెప్పుడో ఆయన్ని చూసి నవ్విన ఆరేళ్ల పిల్లాడు ఆ వారమంతా ఒంటరిగా పడుకోలేదట. వాళ్లమ్మ వచ్చి నాలుగు చీవాట్లు పెట్టింది. న్యాయమే. భయపెట్టి నేర్పిన భక్తి మీద నాకు ఆ రోజుతో నమ్మకం పోయింది.

ఇంకో మాట. పుస్తకం చూసి చదవకండి, వాళ్ల ముఖాలు చూస్తూ చెప్పండి. పది నిమిషాలు దాటనివ్వకండి. కంఠత వాక్యం (పిల్లలు బట్టీపట్టే బైబిలు వాక్యం) ఎలా అని మా పాస్టరుగారు కూడా అడిగారు. దాన్ని తర్వాతి ఆదివారం పెడుతున్నాను. అప్పటికి కథ ఇంటికెళ్లి వచ్చి ఉంటుంది.

తప్పిపోయిన కుమారుడి కథలో, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే పెద్దకొడుకు అలిగి బయట నిలబడ్డాడు, తండ్రి బతిమాలాడు. లోపలికి వెళ్లాడో లేదో ఆ కథ రాసిన లూకా చెప్పడు. నేనూ చెప్పను. మా క్లాసులో సగం మంది వెళ్లాడంటారు, సగం మంది వెళ్లలేదంటారు. ఇంట్లో తమ్ముళ్లున్నవాళ్లే ఎక్కువగా వెళ్లలేదంటారు.