డాక్టర్ సలహా: కొత్త పాము నోట్లో బుడగలా? ముందు ఆ సిరంజీ పక్కన పెట్టండి

ప్రశ్న: మూడు వారాల క్రితం బాల్ పైథాన్ పాము పిల్లను కొన్నాను. అమ్మినవాళ్లు రాత్రి బస్సు పార్సిల్‌లో పంపారు. బరువు 350 గ్రాములు. వచ్చినప్పటి నుంచి ఏమీ తినలేదు. పాత చేపల తొట్టెలో తడిపిన కొబ్బరి పొట్టు పరిచి, చలికి లోపల 60 వాట్ల బల్బు పెట్టాను. నాలుగు రోజులుగా తల పైకెత్తి ఉంటోంది. అప్పుడప్పుడు నోటి అంచున బుడగలు వస్తున్నాయి. జలుబేమోనని మా బాబుకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ అర మిల్లీలీటరు చొప్పున రెండు రోజులు పట్టాను. నీళ్ల గిన్నెలో నల్ల నలుసులు తేలుతున్నాయి, అది పొట్టు పొడే అనుకుంటున్నాను. మూడేళ్ల మా బాబుకి పాము బాగా అలవాటైంది. బలం కోసం సిరంజీతో గుడ్డు సొన, పాలు పట్టొచ్చా? రోజుకి ఎంత? ఫోటో జత చేశాను.
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పట్టకూడదు. సొన, పాలు, సిరప్, ఆఖరికి నీళ్లు కూడా సిరంజీతో దాని నోట్లో పోయకండి.

తిండి గురించి మీరు పడుతున్న కంగారు నాకు లేదు. బాల్ పైథాన్ కొత్త చోటుకి వస్తే వారాల తరబడి తినకపోవడం ఈ జాతిలో మామూలే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాములు నెలల తరబడి కూడా మానేస్తాయి. వంటింటి తూకం మీద వారానికోసారి గ్రాముల్లో తూచి రాసుకోండి. కొన్ననాటి బరువులో పదో వంతు, అంటే మీ పిల్ల విషయంలో 35 గ్రాములు తగ్గితే అప్పుడు తిండి గురించి ఆలోచించాలి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది తల పైకెత్తడం, నోటి బుడగలు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌ని మొదట అనుమానించాలి. చూడకుండా నిర్ధారించలేను గానీ, నాలుగు రోజులు ఆగడమే ఎక్కువ. ఐదో రోజు ఆగకండి.

కుబుసం విడిచే ముందు ముక్కు రంధ్రాల్లో పాత పొర ఇరుక్కుని సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. అది కుబుసంతో పాటే పోతుంది. బుడగలు, జిగురు, నోరు తెరిచి ఊపిరి తీయడం మాత్రం ఎప్పుడూ మామూలు కాదు. మనకి కఫం పడితే దగ్గి బయటికి తెస్తాం. పాముకి ఉదర వితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) లేదు, మనలా గట్టిగా దగ్గలేదు. ఊపిరితిత్తిలో చేరిన జిగురు అక్కడే నిలిచిపోతుంది. అందుకే అది తల పైకెత్తి, మెడ సాచి గాలి దారిని తిన్నగా ఉంచుకుంటోంది. చూసేవాళ్లకి పడగెత్తినంత హుషారుగా అనిపిస్తుంది గానీ, అది ఊపిరి కోసం పడే పాట్లు.

ఇప్పుడు సిరంజీ సంగతి. డాక్టరు మెల్లగా నోరు తెరిచినప్పుడు చూస్తే కింది దవడ మధ్యలో, ముందు వైపునే, చిన్న గొట్టం మూతిలాంటిది తెరుచుకుని మూసుకుంటూ కనిపిస్తుంది. శ్వాసనాళం ద్వారం అదే. ఎలకను మింగుతున్నప్పుడు కూడా ఊపిరి ఆడాలని పాముకి అది అంత ముందుకి ఉంటుంది. మీరు నోట్లో పోసే ద్రవం మొదట తగిలేది దానికే. చిక్కటి సొన అందులోకి జారితే, ఇప్పటికే జిగురుతో నిండిన ఊపిరితిత్తి ఇంకా మూసుకుపోతుంది. ఇక పాలు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లవాళ్లం కాబట్టి ఈ ఆలోచన రావడం సహజమే. పాము శరీరం పాలను అరిగించుకోలేదు. దాహంతో అలమటించే పాము ఏ ద్రవమైనా తాగేస్తుంది, ఇష్టమని మనం అనుకుంటాం.

పిల్లాడి యాంటీబయాటిక్ పట్టినందుకు మిమ్మల్ని కొంచెం మందలించాల్సిందే. ఇంట్లో మిగిలిన సీసా చేతికందేచోట ఉంటుంది కాబట్టి చాలామంది ఇదే పని చేస్తున్నారు. జరిగే నష్టాలు వినండి. పాముల న్యుమోనియాలో తరచూ కనిపించే సూడోమోనాస్ లాంటి క్రిములకి పిల్లలకి రాసే మామూలు అమాక్సిసిలిన్ పనిచేయదు. అరకొరగా రెండు రోజులు మందు పడ్డాక గొంతులోంచి నమూనా తీసి కల్చర్ చేస్తే, అంటే ల్యాబులో క్రిముల్ని పెంచి చూస్తే, అసలు క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తేల్చడం కష్టమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి. పాము శరీరం తన వేడిని తాను తయారు చేసుకోదు. తొట్టె చల్లగా ఉంటే రక్తంలో మందు కదలిక, మూత్రపిండాల్లోంచి దాని విసర్జన రెండూ మందగిస్తాయి. అందుకే మనకి పూటపూటా వేసే రకం మందుల్లో కొన్నిటిని పాముకి మూడు రోజులకోసారి ఇంజెక్షన్‌గా ఇస్తారు. సెఫ్టాజిడిమ్ అలా వాడే మందే. ఎమికాసిన్ లాంటివి ఒళ్లు ఎండిపోయిన పాముకి రోజూ గుచ్చితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంజెక్షన్ కూడా సాధారణంగా శరీరం ముందు భాగంలోనే ఇస్తారు, తోక వైపు రక్తం మూత్రపిండాల గుండా వెళుతుంది కాబట్టి. మందు పేర్లు చెప్పింది మీ డాక్టరు ఏం చేస్తున్నారో మీకు అర్థం కావడానికి. మోతాదు కావాలనే రాయడం లేదు. మెడికల్ షాపుకి ఈ పేజీ పట్టుకెళ్లకండి. సిరప్ పట్టిన తేదీలు, సీసా మీద ఉన్న పేరు, ఎంత పట్టారో డాక్టరు దగ్గర దాచకుండా చెప్పండి.

గిన్నెలో నలుసుల్ని ఒక తెల్ల కాగితం మీద వేసి రెండు నిమిషాలు చూడండి. గసగసాల గింజంత ఉండి కదిలితే అవి పాము పేలు, అంటే మైట్లు. వేలితో నలిపితే ఎర్రటి మరక పడుతుంది. కళ్ల చుట్టూ, గడ్డం కింద పొలుసుల మధ్య దాక్కుంటాయి. రక్తం తాగుతాయి, క్రిములని మోస్తాయి, పామును నీరసపరుస్తాయి. మన వైపు ఇక్కడే ఇంకో ప్రమాదం. పశువుల కొట్టంలో గోమార్లకి కొట్టే మందు ప్రతి ఊళ్లో దొరుకుతుంది. దాన్ని నీళ్లలో కలిపి పాము ఒంటికి రాయమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. వాటిలో ఉండే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ లాంటివి గేదె చర్మానికి లెక్కగట్టి తయారుచేసినవి. 350 గ్రాముల పాము వణికి, మెలికలు తిరిగి చనిపోవచ్చు. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా సొంతంగా వద్దు. తాబేళ్లకి అది ప్రాణాంతకం. పసుపు, వేపనూనె, డెట్టాల్, కలరా ఉండలు కూడా వద్దు. డాక్టరు సరైన మందు ఇచ్చేదాకా మీ పని శుభ్రత. పొట్టంతా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పారేయండి. తొట్టెను వేడి సబ్బునీళ్లతో కడిగి, ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు ముప్పై పాలు కలిపి పది నిమిషాలు ఉంచి, నీళ్లతో బాగా కడిగేసి ఎండబెట్టండి. ఫినాయిల్ వాడొద్దు. గుడ్లు సందుల్లో మిగిలి మళ్లీ పుడతాయి, కాబట్టి ఒక్కసారి కడిగి వదిలేస్తే లాభం లేదు.

జబ్బు తగ్గేదాకా అడుగున తెల్ల కాగితమో, పాత పేపరో పరచండి. జిగురు పడినా, మైటు నడిచినా కనబడుతుంది. ఉద్దానం కొబ్బరి పొట్టు మంచిదే, కానీ తర్వాత. గుప్పెట్లో పిండితే చుక్క రాలకూడదు, అంత తడి చాలు. చలి, తడి కలిసిన తొట్టె ఊపిరితిత్తుల జబ్బుకి పుట్టినిల్లు, మీరు పెట్టినది అలాంటిదే. గాలిలో తేమ 55 నుంచి 60 శాతం ఉంటే సరిపోతుంది. తేమ కొలిచే హైగ్రోమీటర్ పెట్టి చూడండి, చేత్తో తాకి అంచనా వేయొద్దు.

వేడి విషయంలో ఖచ్చితంగా ఉండాలి. తొట్టెలో ఒక చివర 32 డిగ్రీలు, రెండో చివర 26, 27 డిగ్రీలు. రెండు చివర్లా ఒక్కో దాక్కునే డబ్బా. మామూలు రోజుల్లో రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా పర్లేదు, జబ్బుగా ఉన్నప్పుడు తగ్గనివ్వకండి. విజయనగరంలో ధనుర్మాసం తెల్లవారుజామున గది ఎంత చల్లబడుతుందో మీకు తెలుసు. లోపల వేలాడే బల్బు తీసేయండి. పాము దానికి చుట్టుకుని కాలిపోతుంది, కాలుతున్నా త్వరగా పక్కకి జరగదు. తొట్టె అడుగున, బయటి వైపు, నేలలో మూడో వంతు మాత్రమే ఆనేలా హీట్ మ్యాట్ పెట్టి, దాన్ని తప్పనిసరిగా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కి కలపండి. థర్మోస్టాట్ సెన్సర్ మ్యాట్‌కీ గాజుకీ మధ్య ఉండాలి. లోపల పెడితే పాము కదిపేస్తుంది, లేదా గిన్నె ఒలికి తడుస్తుంది, అప్పుడు అది తక్కువ వేడి చూపించి మ్యాట్‌ని మండిస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ లేని మ్యాట్ బల్బు కన్నా మేలేమీ కాదు.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. చిన్న మ్యాట్ ఇన్వర్టర్ మీద తేలిగ్గా నడుస్తుంది. అదీ లేకపోతే చిల్లులు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో పామును గుడ్డసంచితో ఉంచి, గోరువెచ్చని నీళ్ల సీసాను మందపాటి తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి. సీసా నేరుగా ఒంటికి తగలకూడదు. ఇంకో మాట, ఆ గదిలో దోమల చక్రం, సాంబ్రాణి, అగరుబత్తి పొగ ఏదీ వద్దు. జిగురు నిండిన ఊపిరికి పొగ తోడైతే ఇంకా ఇబ్బంది.

మీ ఫోటో మసకగా ఉంది, కాబట్టి అది బాల్ పైథానే అని నేను చెప్పలేను. అమ్మినవాడి మాట నమ్మొద్దు. కొండచిలువ పిల్లలు, మట్టిలో దూరే బోవాలు, రక్తపింజరి పిల్లలు మచ్చల్లో ఒకదానితో ఒకటి పొరపాటు పడేలా ఉంటాయి. రక్తపింజరికి వీపు మీద నల్ల అంచున్న గుండ్రటి మచ్చలు మూడు వరుసల్లో గొలుసులా ఉంటాయి, పొలుసులు గరుకుగా ఉంటాయి, బుస చాలా గట్టిగా పెడుతుంది. మూడేళ్ల పిల్లాడు తాకే జంతువు విషయంలో ఈ అనుమానం తీరేదాకా ఎవరూ చేత్తో పట్టకండి. మన దేశపు కొండచిలువ, రెండు తలల పాము, నాగుపాము, జెర్రిపోతు లాంటివైతే కొనడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అటవీ శాఖకి అప్పగించాలి. బాల్ పైథాన్ ఆఫ్రికా జాతి. అలాంటి విదేశీ జాతుల్ని ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొన్న కాగితాలు లేకపోతే అమ్మినవాణ్ణి ఈరోజే అడగండి.

ఎక్కడికి వెళ్లాలి? చీపురుపల్లి పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోన్ చేసి పాములు చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి, లేదంటే విశాఖలో అరుదైన పెంపుడు జంతువులు చూసేవాళ్లని వెతకండి. పామును శుభ్రమైన దిండు గలీబులో వేసి, మూతి కట్టి, గాలి ఆడే పెట్టెలో, 26 నుంచి 28 డిగ్రీల వెచ్చదనంలో తీసుకెళ్లండి. బైక్ మీద చలిగాలికి వద్దు. మలం దొరికితే కొన్ని గంటల్లోపే చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. రెండు చివర్ల ఉష్ణోగ్రత, తేమ అంకెలు, తొట్టె ఫోటోలు, బరువుల కాగితం కూడా. ఎక్స్‌రే, గొంతు నమూనా అడగవచ్చు. పైథాన్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే నిడోవైరస్ కూడా ఉంది, పీసీఆర్ పరీక్ష సౌకర్యం ఉందేమో అడగండి. ఇంట్లో ఇంకో పాము ఉంటే వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. నోరు ఎప్పుడూ తెరిచే ఉన్నా, నోటి లోపల నీలంగా పాలిపోయినా, వెల్లకిలా పడితే తిరిగి సర్దుకోలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే బయల్దేరండి. చికిత్స మొదలయ్యాక వారాలు పట్టవచ్చు. బుడగలు ఆగాయని మధ్యలో మానేయకండి.

తిండి ఇచ్చేది డాక్టరు ఊపిరి బాగుందన్నాకే. అప్పుడు కూడా వారం పాటు ముట్టుకోకుండా, వెచ్చగా వదిలేసి, పాము నడుములో అతి లావైన చోటుకి సమానమైన ఎలకను ఇవ్వండి. ఈ వయసులో దాని బరువులో 10 నుంచి 15 శాతం, అంటే 35 నుంచి 50 గ్రాములు. బతికిన ఎలకను వదిలి వెళ్లొద్దు, తినకపోతే ఎలకే పామును కొరికి గాయం చేస్తుంది. గడ్డకట్టినదైతే ఫ్రిజ్‌లో కరగనిచ్చి, వేడినీళ్లలో 38 డిగ్రీలకి వెచ్చబరచండి. మైక్రోవేవ్‌లో వద్దు. తిన్నాక 48 గంటలు పట్టుకోకండి. చల్లగా ఉంటే అరగక కక్కేస్తుంది, అలా కక్కితే పది పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా ఆగాలి.

చివరగా బాబు విషయం, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. సరీసృపాల మలంలో సాల్మొనెల్లా ఉండవచ్చు, పైకి ఆరోగ్యంగా ఉన్న పాములో కూడా. ఐదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, వృద్ధులకి అది తీవ్రంగా రావచ్చు. బాబు పామును, తొట్టెను, గిన్నెను ముట్టుకోకూడదు. మీరు ముట్టుకున్నాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. తొట్టెను వంటింటి సింకులో కడగకండి. బాబుకి విరేచనాలు, జ్వరం వస్తే మిగిలిన సిరప్ పట్టకుండా పిల్లల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లి, ఇంట్లో పాము ఉందని మొదటి మాటగా చెప్పండి.