మచ్చు, మచ్చ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. అగ్రికల్చర్ బీఎస్సీ అవగానే ఉద్యోగం చూసుకోకుండా ఇంకో రెండేళ్లు అగ్రిబిజినెస్ చదువుతానంటున్నావట. చెబుతూ చెబుతూ ఓసారి మురిసిపోయింది, ఓసారి ముక్కు చీదింది. నా సంగతీ అంతే. జీడిపిక్కలు ఏరుకుని బతికిన ఇంట్లోంచి మేనేజిమెంటు చదువుకి బయల్దేరిన మొదటి పిల్లవి నువ్వు. కానీ ఆ పిక్కల వ్యాపారంలోనే ముప్పై ఏళ్లు మునిగి తేలినవాణ్ణి కదా, నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే నువ్వు "ఊఁ మావయ్యా, ఊఁ" అంటూ పక్కన ఇంకేదో చూస్తుంటావు. అందుకే కాగితం తీశాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. ప్రవేశ పరీక్ష క్యాట్ నవంబరు ఆఖర్లో వస్తుంది, నీకేమో లెక్కలంటే వణుకు. రోజుకో గంట ఇప్పట్నుంచే కూర్చో. హైదరాబాదు రాజేంద్రనగర్లో మేనేజ్ అనే వ్యవసాయ సంస్థ వాళ్లు ఈ కోర్సు 1996 నుంచి నడుపుతున్నారు. అమూల్ కురియన్ గారు 1979లో గుజరాత్ ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ మేనేజిమెంటు సంస్థ ఇర్మా ఉంది. అహ్మదాబాదు, లక్నో ఐఐఎంలలోనూ అగ్రిబిజినెస్ కోర్సు ఉంది. జీతాల లెక్క చూడొద్దనను, చూడు. దాంతోపాటు ఎన్ని వారాలు పల్లెల్లో తిప్పుతారో కూడా అడుగు. ఏసీ గదిలో కూర్చుని రైతు గురించి రెండేళ్లు విని వచ్చేదానికి అంత ఫీజు దండగ.

అప్పు సంగతి మాత్రం ఒక్క లైనులో పోనివ్వను. చదువుకున్నన్నాళ్లూ బ్యాంకుకి కట్టక్కర్లేదని మీ నాన్న నిశ్చింతగా ఉన్నాడు. కట్టక్కర్లేదు, నిజమే. వడ్డీ మటుకు మొదటి విడత డబ్బు పడ్డ రోజు నుంచే నడుస్తుంది. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకి ఆ వడ్డీ కేంద్రమే భరించే పథకం ఒకటుంది. నువ్వు చేరే కోర్సుకి అది వర్తిస్తుందా లేదా అని సంతకం పెట్టకముందే బ్యాంకులో అడిగించు, పెట్టాక కాదు. వడ్డీ అనే మాట వింటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఎందుకో చెబుతాను.

1996 వేసవి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అప్పటిదాకా ఒకరి దగ్గర కాటా రాసేవాణ్ణి. సొంతంగా చేద్దామని నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాను. సంతకి సవర రైతులు బుట్టల్లో, గోతాల్లో పిక్కలు తెచ్చేవారు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. బొటనవేలి గోరు నొక్కితే దిగకూడదు. రెండు మూడు రోజులు మంచి ఎండ తగిలిన పిక్క అలా ఉంటుంది. అలా చూసి చూసి అరవై బస్తాలు కొన్నాను, బస్తా 80 కిలోలు. సగం డబ్బు అక్కడికక్కడే, మిగతా సగం సరుకు పలాసలో అమ్మాక ఇస్తానని మాట.

అక్కడితో ఆగుంటే బాగుపడేవాణ్ణి. ఒక దళారీ వచ్చి, తొంభై బస్తాలున్నాయి, లారీ నిండిపోతుంది, ఒకే కిరాయి అన్నాడు. చిన్న గుడ్డ సంచిలో మచ్చు తెచ్చాడు. ఇరవై పిక్కలు కోశాను, ఇరవైలోనూ పప్పు పాలలా తెల్లగా ఉంది. కోస్తుంటే పెంకులోంచి జీడి చిమ్మి బొటనవేలి మీద పడింది, తోలు లేచిపోయింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు పట్టుకుని ఇదేంటి మావయ్యా అని అడిగేదానివి. అమ్మవారు పోసిందని అబద్ధం చెప్పాను.

మచ్చు చూశాను గానీ బస్తాలు విప్పించలేదు. అవి చెట్టు దగ్గర ఏరి, ఆరబెట్టకుండా కుక్కిన పచ్చిపిక్కలు. నేను కొన్నది సగం నీళ్లేననుకో. ఇది కూడా పెద్ద తప్పు కాదు, కొత్తవాడికి జరిగేదే. అసలు తప్పు తర్వాతది. తూకాలు సరిచేద్దామని ఆ నూటయాభై బస్తాలూ గొడౌన్లో కుప్ప పోయించి, కలిపి, మళ్లీ నింపించాను. అంత కుప్ప ఎదురుగా కనబడుతుంటే ఎంత గర్వమో! మీ అత్తని పిలుచుకొచ్చి చూపించాను కూడా.

రేటు పెరుగుతుందన్నారు. ఆగాను. కింద చెక్కలు వేయలేదు, గచ్చు నేల మీదే గోడకి ఆనించి పేర్చాను. ఆషాఢం వానలు పట్టుకున్నాయి. లారీ పలాస చేరాక మిల్లు యజమాని మచ్చు అడగలేదు. నాలుగు బస్తాల మూతులు విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి తీశాడు. పలక మీద వరసగా కోయించాడు. ఇరవైలో ఏడు నల్లగా మాడినట్టున్నాయి, మూడు ముడుచుకుపోయాయి. ఆయన నోటితో ఏమీ అనలేదు. ఆ పలక నా వైపు జరిపాడంతే.

ఊరికొచ్చాక రెండు నెలలు సంతకి వెళ్లలేదు. మొహం చెల్లలేదు. ఒకరోజు పొద్దున్నే పదకొండు బస్తాలిచ్చిన ముసలమ్మ కొండ దిగి నడిచొచ్చి మన అరుగు మీద కూర్చుంది. మీ అత్త గంజి ఇస్తే తాగింది. పిక్కలు పాడైపోయాయి అమ్మా అన్నాను. "మావి గలగలలాడినాయి కదా బాబూ," అంది. అంతే అంది. నిజమే, ఆమెవి గలగలలాడాయి. కుప్పలో ఆమెవి ఏవో, దళారీవి ఏవో నేను చెప్పలేకపోయాను. ఆమె ఎండబెట్టిన ఎండ అంతా ఆ కుప్పలో కలిపేశాను.

మీ అత్త గాజులు రెండు అమ్మి ఆమెకీ, మిగతావాళ్లకీ ఇచ్చాను. సాహుకారు బాకీ తీరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆ గాజుల మాట మీ అత్త పండగ పండగకీ ఎత్తుతుంది, ఎత్తనీ.

మొన్న దసరాకి వచ్చినప్పుడు నువ్వు ట్రేసబిలిటీ అని ఏదో చెప్పావు, సంచి మీద కోడు చూస్తే ఏ రైతు సరుకో తెలుస్తుందని. నేను నవ్వాననుకుని అలిగావు. నవ్వలేదు తల్లీ. ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. ఆ ఏడాది తర్వాత నేను బస్తా మూతి కుట్టే దారం ఊరికో రంగు వాడాను. ఎరుపు ఒక ఊరు, నీలం ఒక ఊరు. నా ట్రేసబిలిటీ అదే.

పదిమంది రైతులు కలిస్తే చాలు, రైతులే వాటాదార్లుగా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టొచ్చని కూడా అన్నావు. పెట్టు. చదువైపోగానే మాత్రం పెట్టకు. రెండేళ్లు ఎవరి దగ్గరైనా పనిచేసి, వాళ్ల డబ్బుతో తప్పులు చెయ్యి. (ఇది మీ నాన్నకి చూపించకు.) ఇంకో మాట. ఇంటర్వ్యూలో నీ ఇంగ్లీషు తడబడుతుందని ఏడుస్తున్నావట. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో సవర మాటలు నీకు నోటికొచ్చు. గిడుగు రామమూర్తి పంతులు గారంతటివాడు ఈ ఊళ్లో మాస్టరీ చేస్తూ సవర పనిగట్టుకుని నేర్చుకున్నారు. నీకు ఊరికే వచ్చింది. ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లలో ఎంతమందికి వస్తుందో అడుగు. అడగకులే, మనసులో అనుకో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు, తొమ్మిదో తరగతి పిల్లవి, పడిపోయిన చెట్ల మధ్య తిరుగుతూ నోటుబుక్కులో ఒక్కో చెట్టూ లెక్క రాశావు. ఎవరూ రాయమనలేదు. మీ నాన్న గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది. నువ్వు ఈ చదువుకి వెళ్తావని నాకు అప్పుడే తెలుసు, మీ అమ్మకి చెప్పలేదు.

ఈ ఉత్తరంతో చిన్న సంచిలో కిలో పిక్కలు పంపుతున్నాను, నీలం దారం కుట్టినవి. హాస్టల్లో కోయాలనిపిస్తే ముందు చేతులకి నూనె రాసుకో, కళ్లకి దూరంగా పెట్టుకో. జీడిపప్పులో డబ్ల్యూ 320 రకం అంటే ఏంటని ఎవరైనా అడిగితే, 454 గ్రాములకి 300 నుంచి 320 గుళ్లు (విరగని పప్పులు) తూగేదని నోటితో చెప్పడం కాదు, లెక్కపెట్టి చూపించు. తినడానికి పప్పు మీ అత్త వేరే డబ్బాలో పెట్టింది. అందులో ఇంకేదో కూడా పెట్టి పైన కాగితం చుట్టింది, నన్ను చూడనివ్వలేదు. డబ్బులే అయ్యుంటాయి. డబ్బా నీకు చేరాక ఆవిడకే ఫోన్ చెయ్యి, నాకు కాదు.

మీ మావయ్య