బోటు ఇంజనుకు డీజిల్ అందకపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఆరు సిలిండర్ల పాత ఇంజను. వేట నిషేధం అయిపోయాక బయటికి తీశాం. ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. ఇరవై నిమిషాలు బాగా నడిచి, సముద్రంలోకి పోయేసరికి రేసు పడిపోయి ఆగిపోతా ఉంది. పది నిమిషాలు ఆగి చేతిపంపు కొడితే మళ్లీ నడుస్తుంది. ఇంజను మీదున్న ఫిల్టర్లు రెండుసార్లు మార్చాం. ఫ్యూయల్ పంపు విప్పి కాలిబ్రేషన్‌కు (కొలత సరిచేయడానికి) పంపాలంటున్నాడు మెకానిక్. పంపమంటారా?
– ఒక బోటు యజమాని, జువ్వలదిన్నె

జవాబు: ఇప్పుడే పంపకండి. ఫ్యూయల్ పంపు (డీజిల్‌ను ఒత్తిడితో నాజిళ్లకు పంపేది) లోపలి ప్లంజర్లు, అంటే డీజిల్‌ను నెట్టే కడ్డీలు, అరిగితే ఆ బాధ ముందు స్టార్టింగులోనే తెలుస్తుంది, ముఖ్యంగా ఇంజను వేడి మీద ఉన్నప్పుడు. మీది కాసేపు ఆగితే మళ్లీ నడుస్తోంది. అంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే చిన్న పంపు) దాకా ఉన్న దారిలో ఎక్కడో అడ్డం ఉంది, లేదా గాలి పడుతోంది. మీరు మార్చిన ఫిల్టర్లు ఫీడ్ పంపు తర్వాత ఉండేవి. అడ్డం దానికి ముందుంటే ఎన్ని ఫిల్టర్లు మార్చినా డబ్బు దండగే.

ఆగే ముందు పొగ ఎలా ఉందో గమనించండి. నల్లపొగ లేకుండా బలం తగ్గితే డీజిల్ చాలడం లేదు. నల్లపొగ కక్కుతూ తగ్గితే మాత్రం ఎయిర్ ఫిల్టరు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు చూడాలి, ప్రొపెల్లరుకు వల ముక్క చుట్టుకుందేమో చూడాలి.

ఇక పరీక్షలు. ఇవన్నీ రేవులోనే, బోటును గట్టి తాళ్లతో కట్టి, గేరు వేసి చేయండి. ఇంజను ఆగగానే ట్యాంకు మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి లాగితే ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధంలో కదలకుండా ఉన్న బోటులో కందిరీగ ఆ గొట్టంలో మట్టి గూడు పెడుతుంది. రంగు వేసేటప్పుడు పెయింటుతో మూసుకుపోవడం కూడా మామూలే.

గాలిగొట్టం బాగుంటే క్యాను పరీక్ష. ఇరవై లీటర్ల క్యానులో కొత్త డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తులో కదలకుండా కట్టి, వేరే పైపుతో నేరుగా ఫీడ్ పంపులోకి ఇవ్వండి. రిటర్న్ పైపును (మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి పంపేది) కూడా ఆ క్యానులోనే పెట్టాలి. చాలామంది ఇది మరిచిపోతారు, క్యానులో డీజిలంతా పాత ట్యాంకులోకి పోతుంది. అరగంటకు పైగా లోడు మీద ఆగకుండా నడిస్తే ఇంజను, ఫ్యూయల్ పంపు రెండూ బాగున్నట్టే. తప్పు ట్యాంకు వైపే.

అప్పుడు వరసగా చూడండి: ట్యాంకులో దిగిన పీల్చే గొట్టం మూతి, ట్యాంకు వాల్వు, నీటిని వేరుచేసే ఫిల్టరు, ఫీడ్ పంపుకు ఉండే చిన్న జల్లెడ. రబ్బరు పైపును పైనుంచి చూసి బాగుందనుకోకండి. పాతదైతే లోపలి పొర ఊడి, పంపు పీల్చినప్పుడల్లా ముడుచుకుపోతుంది, ఆపగానే తెరుచుకుంటుంది. మీ లక్షణానికి అతికినట్టు సరిపోయే తప్పు ఇది. పైపు మార్చేయడమే మందు.

గాలి సంగతి తేలాలంటే ఫీడ్ పంపు ముందు ఒక అడుగు పారదర్శక పైపు వేసి చూడండి. బుడగలు కనిపిస్తే ఎక్కడో కీలు వదులైంది. పీల్చే వైపు కీలు వదులైతే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే తడి కోసం వెతికితే దొరకదు. క్లిప్పులు, బంజో బోల్టు (పైపును బిగించే బోలు బోల్టు) వాషర్లు, ఫిల్టరు రబ్బరు రింగులు కొత్తవి వేయండి.

రేవులో బాగా నడిచి అలల్లోనే ఆగుతుంటే ట్యాంకు అడుగు మడ్డి కదులుతున్నట్టు. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగురు తయారవుతుంది. ట్యాంకు పూర్తిగా దింపి కడిగించాలి. పీల్చే గొట్టం మూతి అడుగుకు ఒక అంగుళం పైన ఉండాలి. వచ్చే నిషేధానికి ముందు ట్యాంకు నిండా డీజిల్ పోసి ఉంచండి. ఖాళీ జాగా తగ్గితే గాలిలోని తేమ నీరుగా దిగడమూ తగ్గుతుంది.

ప్రశ్న: ఇంజను ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. పుల్ల తీసి చూస్తే డీజిల్ వాసన. నడపొచ్చా?
– కృష్ణపట్నం

జవాబు: నడపకూడదు. పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. మీ ఫీడ్ పంపు డయాఫ్రం (రబ్బరు పొర) రకమైతే ఆ పొర చిరిగి డీజిల్ సంపులోకి, అంటే అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగుతుండొచ్చు. డయాఫ్రం కిట్టు వేసి, ఆయిల్‌ను, ఆయిల్ ఫిల్టరును కూడా మార్చండి. పంపు బాగుంటే టాపెట్ కవరు (ఇంజను తల మీది మూత) తీసి చూడండి. కొన్ని ఇంజన్లలో నాజిళ్ల లీకు పైపు కవరు లోపలే ఉంటుంది, అక్కడ వాషరు పోయినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: ఎయిర్ పట్టిన ఇంజనుకు గాలి తీసే క్రమం చెప్పండి. మా ఫీడ్ పంపు చేతి లివరు ఒక్కోసారి ఊరికే ఆడుతుంది, ఏమీ రాదు.
– కొత్తపట్నం

జవాబు: లివరు ఆడి డీజిల్ రాకపోతే లోపలి క్యాము (తిరుగుతూ పంపును ఆడించే ఎత్తున్న భాగం) ఎత్తు మీద ఆగి ఉంది. ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పితే లివరు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి గాలి తీయాలి. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండు ధార వచ్చేదాకా కొట్టి, ధార వస్తుండగానే బిగించండి. తర్వాత ఫ్యూయల్ పంపు మీది స్క్రూ అలాగే. చివరికి నాజిల్ దగ్గర నట్టు ఒక చుట్టు వదిలి, రేసు లివరు తెరిచి ఇంజను తిప్పండి. డీజిల్ చిమ్మగానే బిగించేయండి. ఆ చిమ్మే దగ్గర వేలు పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం అది.

సెల్ఫు పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆపండి. పొగగొట్టంలోకి ఉప్పునీళ్లు వదిలే ఏర్పాటున్న ఇంజనైతే గాలి తీసేంతసేపూ సముద్రపు నీటి వాల్వు కట్టేయండి, లేకుంటే నీళ్లు సైలెన్సరు నిండి సిలిండర్లలోకి వస్తాయి. ఇంజను అందుకోగానే వాల్వు తెరవాలి. కీళ్లకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పీలికలు లోపలికి పోయి అడ్డం పడతాయి. రాగి వాషరు కొత్తది దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మసి తుడిచి వేసుకోవచ్చు.