మేష్టారి లావు గీత

అమ్మలూ,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. ఇకమీదట ప్రతి ఆదివారం ఎవరో ఒకరి కార్టూన్లు ముందేసుకుని ఉతికి ఆరేస్తావట. మొదటి వ్యాసం అప్పుడే రాసేశావట కూడా. చదివి వినిపించమన్నాను. రెండుచోట్ల పకపకా నవ్వాను. ఆ తర్వాత చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఏమైందని మీ పెద్దమ్మ అడిగితే, "పిల్లకి నా నోరొచ్చింది" అన్నాను.

చెయ్యి కూడా వచ్చిందనుకో. నీ బ్రష్షు ఎక్కడ లావెక్కాలో ఎక్కడ సన్నబడాలో దానికే తెలుసు. నీ వయసులో నాకది లేదు. ఈ ముక్క మీ నాన్నతో చెప్పకు, నెత్తిన ఎక్కించుకుంటాడు.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తా. ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి రాయకు, అచ్చయిన పేజీ తెప్పించుకో. క్యాప్షన్‌ని తిట్టేముందు అది గీసినవాడు రాసిందో, డెస్కులో మార్చిందో కనుక్కో. రాత్రి పన్నెండు దాటాక ఆ ట్యాబ్ ముట్టుకోకు. నవ్వకు, దీని గురించే మీ అమ్మతో అరగంట మాట్లాడాను. నా ఎడమ కంటితో గళ్ళ కాగితం చూస్తే తిన్నని గీతలు వంకరపోతున్నాయి. గీతలు గీసి బతికినవాడికి అదెలా ఉంటుందో నీకు తెలియకూడదు. ఈ నెల్లోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి రా. వెళ్ళొచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఇక నువ్వు మీ అమ్మనడిగిన ప్రశ్న. "అంత బాగా గీసేవాళ్ళకి ఆమాత్రం అనే హక్కు ఉండదా?" అన్నావట. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ సంగతి నీకు తెలుసుగా. బొమ్మలు నేర్పే బొంబాయి జె.జె. స్కూల్‌కి దరఖాస్తు పెడితే, మా దగ్గర చేరేంత ప్రతిభ నీలో లేదని వాళ్ళు జవాబు రాశారు. ఈ కథ చెప్పి అందరూ ఆ స్కూలువాళ్ళని వెక్కిరిస్తారు. నేను ఇంకోలా చూస్తాను. ఆ జవాబు రాసినవాళ్ళకి బొమ్మలు రావనా? పదిమందికి నేర్పేటంత వచ్చు. వచ్చినా పొరబడ్డారు.

1978లో నాకు 29 ఏళ్ళు. రెండు వారపత్రికల్లో నా బొమ్మలు వస్తున్నాయి. బెజవాడలో ఒక సభకి పిలిచి మైకిచ్చారు. అప్పట్లో గోదావరి జిల్లా నుంచి ఓ చిన్న పత్రిక వచ్చేది. దానికి అక్కడి డ్రాయింగు మేష్టారొకాయన కార్టూన్లు గీసేవాడు. బొమ్మకి పదిహేను రూపాయలు. లావు లావు గీతలు. మనిషి ముక్కు చూస్తే బీరకాయే. ఆ పత్రిక పైకెత్తి చూపించి, "ఇది చీపురుపుల్లతో గీశారా, చీపురుతోనే గీశారా?" అన్నాను. హాలు గొల్లుమంది. మూడో వరసలో కూర్చున్న మేష్టారు కూడా నవ్వాడు. ఆయనే మేష్టారని నాకు తెలియదు. తెలిస్తే ఆగేవాణ్ణా అంటే, అదీ చెప్పలేను.

సభ అయ్యాక ఆయనే వచ్చాడు. మోకాళ్ళ దగ్గర జారిన పంచె, జేబులో ఎర్రసిరా పెన్ను. "తమరు వాడే నిబ్బు ఏ నంబరండీ?" అన్నాడు. గిల్లట్ 303 అని చెప్పాను. ఎక్కడ దొరుకుతుందో, సిరా ఎంత పలచన చెయ్యాలో కూడా చెప్పాను, గొప్పగా. చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు.

నెల తర్వాత ఆ పత్రికలో సన్నగీతలొచ్చాయి. చాలా శ్రద్ధగా గీసిన సన్నగీతలు. కానీ అచ్చులో సగం ముఖాలకి ముక్కుల్లేవు, నీడ కోసం గీసిన చోటల్లా నల్లటి మరకలు. ఇంకో మూడు వారాలు అలాగే వచ్చాయి. ఆ తర్వాత మేష్టారి బొమ్మలే లేవు.

మరుసటి ఏడు వేరే పనిమీద వెళ్ళి ఆ పత్రిక వేసే ప్రెస్సులో అడుగుపెట్టాను. కాలితో తొక్కి అచ్చేసే ట్రెడిల్ మిషను, చవక కాగితం. మిషన్‌మన్ పాత జింకు బ్లాకులు, అంటే బొమ్మని యాసిడ్‌తో చెక్కి అచ్చుకి వాడే రేకులు, తీసి చూపించాడు. "సన్నగీతని యాసిడ్ తినేస్తుందండీ. దగ్గరదగ్గరగా గీస్తే మధ్యలో ఇంకు నిండిపోద్ది. అందుకే మేష్టారు లావుగా వేసేవారు. మరెందుకో మార్చారు" అన్నాడు. నా చేతిలో మేష్టారి పాత బ్లాకు. బీరకాయ ముక్కు అంచు ఎంత నిక్కచ్చిగా నిలబడిందో వేలికి తగిలింది. బెజవాడ సభలో నా సన్నగీత గురించి ఉపన్యాసం ఇచ్చానే, నా బొమ్మలు పెద్ద ప్రెస్సులో, మంచి కాగితం మీద పడుతున్నాయన్న ఇంగితం నాకు లేకపోయింది.

కార్డు రాశాను. క్షమించమని, మళ్ళీ మీ గీతే గీయమని. జవాబొచ్చింది. "తమరన్నది నిజమే కదండీ" అని ఒక్క వాక్యం. తిట్టి ఉంటే బాగుండేది.

నీ వ్యాసంలో ఒకాయన్ని "బాపుకి జిరాక్సు" అన్నావు. నవ్వొచ్చింది, నిజమే. ఆ జడ, ఆ కళ్ళు, ఆ నడుం వంపు దిద్దని చెయ్యి మా తరంలో ఎక్కడుంది తల్లీ? అవి దిద్దీ దిద్దీ, ఎప్పుడో ఒకరోజు మన గీత మనకి కనిపించేది. కొందరికి కనిపించలేదు. ఆ సంగతి రాయి, ఎందుకు కనిపించలేదో రాయి. జిరాక్సు అనేస్తే రాయడానికి ఇంకేం మిగలదు.

1948లో కార్టూనిస్టు శంకర్ కార్టూన్ల పత్రిక శంకర్స్ వీక్లీ మొదలైనప్పుడు నెహ్రూ, నన్నూ వదలొద్దు శంకర్ అన్నాడు. ప్రధానమంత్రి కాబట్టి అనగలిగాడు. ఎమర్జెన్సీలో కార్టూనిస్టు అబూ అబ్రహాం తన బొమ్మలో రాష్ట్రపతిని స్నానాల తొట్టిలో కూర్చోబెట్టి ఆర్డినెన్సుల మీద సంతకాలు పెట్టించాడు. మన నోరు పుట్టింది అటువైపు తిరగడానికి. పదిహేను రూపాయల మేష్టారి మీదకి తిప్పినప్పుడు నాకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి, అదీ గమనించు.

మెత్తగా రాయమనడం లేదు. మెత్తగా రాస్తే నువ్వు రాసినట్టుండదు. అప్పడాలకర్ర పెళ్ళాం, బట్టతల మొగుడు జోకులున్నాయే, వాటిని మాత్రం చీల్చి చెండాడు. అవి నేనూ వందకి తక్కువ గీయలేదు.

అసలు భయం ఇంకోటుంది. ఆ సభ తర్వాత రెండేళ్ళపాటు నన్ను అందరూ మాట్లాడ్డానికే పిలిచారు. వెళ్ళాను. ఆ రెండేళ్ళలో గీసినవి ఇప్పుడు తిరగేస్తే ఒక్కటి దాచుకోదగ్గది లేదు. నీ ఆదివారం రాతలో పోతుంది, మరి బొమ్మ ఏ రోజు వేస్తావు?

మీ నాన్న వస్తున్నాడుగా, నా పాత బొమ్మల బైండు ఇచ్చి పంపిస్తున్నాను. మొదటి వారం ఆ జిరాక్సు ఆయన్ని పక్కనపెట్టి నన్ను ఎక్కించు. పదకొండో పేజీలో మంత్రిగారి కుడిచెయ్యి చూడు. ఆరు వేళ్ళున్నాయి. ఇన్నేళ్ళలో ఎవడూ పట్టుకోలేదు.

ఉంటాను,
పెదనాన్న