డాన్సర్లతో మాట్లాడి రాయడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. బీకాం ఫైనల్ ఇయర్. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నాను, కానీ సోలోగా స్టేజీ మీద నిలబడేంత డాన్సర్‌ని కాదని నాకే తెలుసు. కొంతకాలంగా బ్యాలే, కాంటెంపరరీ డాన్సర్ల ఇంటర్వ్యూలు తెగ చూస్తున్నాను. వాళ్లు తమ పని గురించి చెప్తుంటే డాన్స్ చూసినప్పటికంటే ఎక్కువ బాగుంటోంది. ఇలా ఆర్టిస్టులతో మాట్లాడి రాసే పనిని కెరీర్‌గా పెట్టుకోవచ్చా? నాన్న బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారికి నచ్చే మాట చెప్తాను. డాన్సర్లని ఇంటర్వ్యూ చేసే ఉద్యోగం అంటూ మన దేశంలో దాదాపు లేదు. పేపర్లలో, పత్రికల్లో డాన్స్ గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లే, వేరే సంపాదన చూసుకుని ఇది రాస్తున్నవాళ్లే. ఒక వ్యాసానికి వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. ఇది దాచిపెట్టి నీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

ఇప్పుడు నీకు నచ్చే మాట. సునీల్ కొఠారీ పేరు వినే ఉంటావు, మన దేశంలో నాట్యం గురించి రాసినవాళ్లలో పెద్దాయన, 2020లో పోయారు. ఆయన చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. లెక్కలు చదువుకున్న మనిషే ఊరూరూ తిరిగి గురువులతో, డాన్సర్లతో మాట్లాడి, మన కూచిపూడి మీదా, మన దేశంలో కొత్తగా వచ్చిన డాన్స్ ధోరణుల మీదా పుస్తకాలు తెచ్చారు. తర్వాత కోల్‌కతా రవీంద్ర భారతి యూనివర్సిటీలో ఉదయ్ శంకర్ పీఠం ప్రొఫెసర్‌గా పనిచేశారు, 2001లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి బీకాం చదివి తప్పు చేశానేమో అన్న బెంగ ఉంటే వదిలెయ్. పైగా గ్రాంట్ దరఖాస్తులో బడ్జెట్ వేయగలిగినవాళ్లు ఆర్ట్స్ సంస్థల్లో ఎంత తక్కువమందో, వాళ్ల కోసం ఎంత వెతుకుతారో నీకింకా తెలియదు.

ఈ నైపుణ్యానికి జీతం మాట్లాడినందుకు రాదు, ఆ మాటలతో ఇంకేదో తయారుచేసినందుకు వస్తుంది. ఫెస్టివల్‌లో ప్రదర్శన తర్వాత ఆర్టిస్టుతో ప్రేక్షకుల ముందు మాట్లాడించడం, ప్రోగ్రాం నోట్స్ రాయడం, డాన్స్ కంపెనీకి వెబ్‌సైట్, గ్రాంట్ పేపర్లు, మీడియా పని చూడటం, ఆర్కైవ్‌లో పాత వీడియోలకి వివరాలు రాసి భద్రపరచడం, యూనివర్సిటీలో రీసెర్చ్ చేయడం. ముంబయిలో నేషనల్ సెంటర్ ఫర్ ది పర్ఫార్మింగ్ ఆర్ట్స్ (ఎన్‌సీపీఏ), గోవాలో 2016 నుంచి జరుగుతున్న సెరెండిపిటీ ఆర్ట్స్ ఫెస్టివల్, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి చోట్ల ఇలాంటి పనులు ఉంటాయి. అవి కూడా వందల్లో ఉండవు, హైదరాబాద్‌లో ఇంకా తక్కువ. మొదటి రెండు మూడేళ్లు బెంగళూరో ముంబయో వెళ్లడానికి సిద్ధంగా ఉండు.

ఇక అసలు విషయం. నీ మెయిల్‌తో పాటు నువ్వు చేసిన ఒక ఇంటర్వ్యూ పంపావు కదా, చదివాను. మీ సీనియర్ డాన్సర్‌ని నువ్వు అడిగిన ప్రశ్నలు: మీకు స్ఫూర్తి ఎవరు, డాన్స్ మీకు ఏమిచ్చింది, యువతకి మీ సందేశం ఏమిటి. ఈ మూడింటికీ ప్రపంచంలో ఏ డాన్సరైనా ఒకే జవాబు చెప్తారు, ఆ జవాబు ఎవరికీ గుర్తుండదు. ఆవిడ తప్పేం లేదు. ప్రశ్న అలా ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

మనిషి గురించి కాదు, పని గురించి అడగాలి. బ్యాలే కొరియోగ్రాఫర్ జార్జ్ బాలన్‌షీన్ అమెరికా వచ్చాక అక్కడ చేసిన మొదటి బ్యాలే 'సెరెనేడ్', 1934 నాటిది. తెర లేవగానే 17 మంది అమ్మాయిలు కనిపిస్తారు. ఎందుకు 17? మొదటిరోజు క్లాసుకి వచ్చింది అంతమందే కాబట్టి. ఇంకోరోజు తక్కువమంది వచ్చారు, ఆరోజు కట్టిన భాగంలో తక్కువమందే ఉన్నారు. ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చింది, ఇంకొకామె పడిపోయింది, ఆ రెండూ కూడా బ్యాలేలో అలాగే ఉండిపోయాయి. చూసేవాళ్లు వీటిలో ఏవేవో గొప్ప అర్థాలు వెతుక్కుంటారు, వెతుక్కోవచ్చు కూడా. కానీ ఈ సంగతి మనదాకా వచ్చిందంటే ఆ గదిలో ఉన్నవాళ్లని ఎవరో "ఇక్కడ ఈ అంకె ఎలా వచ్చింది" అని అడిగారు, వాళ్లు చెప్పారు. నీ ప్రశ్నలు ఆ రకంగా ఉండాలి.

నీకు ఇందులో ఇంకో లాభం ఉంది, అది నువ్వు గమనించినట్టు లేదు. నువ్వు తాళంలో పెరిగావు. అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్ కంపెనీలో డాన్స్ వేరుగా, సంగీతం వేరుగా తయారయ్యేవి, చాలాసార్లు డాన్సర్లు ఆ సంగీతాన్ని మొదటి ప్రదర్శన రోజే వినేవాళ్లు, రిహార్సల్ అంతా స్టాప్‌వాచ్ పెట్టుకుని చేసేవాళ్లు. నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం) వినకుండా ఒక్క అడుగు వేయని దానివి నువ్వు, ఆ డాన్సర్ ఎదురుగా కూర్చుంటే నీ నోట్లోంచి సహజంగా వచ్చే ప్రశ్న ఏమిటి? "మరి పక్కనున్న మనిషితో కలిసి ఎలా ఆగుతారు, ఏది చూసి కదులుతారు?" దీనికి వచ్చే జవాబు అరగంట నడుస్తుంది. అలాగే బ్యాలేలో కాళ్లు తుంటి దగ్గర నుంచి బయటికి తిప్పుతారు, మన అరమండిలోనూ మోకాళ్లు బయటికే. కానీ మనం బరువు కిందికి దించుతాం, వాళ్లు పైకి లాగుతారు. రెండూ నేర్చుకున్నవాళ్లకి ఒంట్లో ఏది దేనితో గొడవ పడుతుందో అడుగు. అమెరికాలో ఒకవైపు కూచిపూడి, ఇంకోవైపు బ్యాలే క్లాసులకి వెళ్తూ పెరిగిన తెలుగు అమ్మాయిలు నీకు వీడియో కాల్ దూరంలో ఉన్నారు, వాళ్లని ఈ మాట తెలుగులో ఎవరూ అడిగినట్టు నాకు కనపడలేదు.

వస్తువుల గురించి అడగడం కూడా బాగా పనిచేస్తుంది. బ్యాలే డాన్సర్ దగ్గర పాయింట్ షూస్ సంగతి ఎత్తు, కాలివేళ్ల కొసల మీద నిలబడటానికి వేసుకునేవి. గుడ్డ, కాగితం, జిగురు పొరలతో చేసిన ఆ షూ కొత్తది కొత్తగా వేసుకోరు, వంచుతారు, చప్పుడు తగ్గడానికి నేలకేసి కొడతారు, రిబ్బన్లు చాలామంది తామే కుట్టుకుంటారు. పెద్ద పాత్ర అయితే ఒక్క షోలోనే జత మెత్తబడిపోయి పనికిరాకుండా పోవచ్చు. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది, ఆ పద్ధతి చెప్తూ చెప్తూ భయాలు, దెబ్బలు, టీచర్లు అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. నేరుగా "మీ కష్టాలు చెప్పండి" అంటే రావు.

పీనా బౌష్ అని జర్మనీలో వుపర్టాల్ కంపెనీని 1973 నుంచి నడిపిన కొరియోగ్రాఫర్. ఆవిడ అడుగులు నేర్పడం కన్నా డాన్సర్లని ప్రశ్నలు అడగడంతో పని మొదలుపెట్టేది. వాళ్లు మాటతోనో, కదలికతోనో, చిన్న సీనుతోనో జవాబిచ్చేవాళ్లు, అందులో చాలా భాగం పారేసి కొంచెం ఉంచుకునేది. ఆవిడతో పనిచేసినవాళ్లని నువ్వు కలిస్తే ప్రదర్శనలో ఉన్నదాని గురించి కాక, తీసేసినదాని గురించి అడుగు. ఏ కొరియోగ్రాఫర్‌కైనా ఇది మంచి ప్రశ్నే. బ్రిటిష్ కొరియోగ్రాఫర్ అక్రమ్ ఖాన్ 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే కోసం పాత బ్యాలే 'జిజెల్' కథని బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే వలస కార్మికుల కథగా మార్చాడు, ఆయన మొదట నేర్చుకున్నది కథక్. కథక్ అడుగు అలవాటైన ఒళ్లు, పాయింట్ షూస్ మీద నిలబడ్డ అమ్మాయికి ఏం చెప్పి ఉంటుంది? నేనైతే అక్కడ మొదలుపెడతాను, అవార్డుల దగ్గర కాదు.

కొన్ని పద్ధతులు చెప్తాను, ఎవరూ నేర్పరు ఇవి. డాన్సర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించకు, వీలైతే స్టూడియోలోనే కలువు, ఎందుకంటే మాట అందనప్పుడు వాళ్లు లేచి చేసి చూపిస్తారు, అదే నీకు కావాల్సింది. వట్టి ఆడియో తీసుకుంటే అక్కడ "ఇలా... ఇలా కాదు, ఇలా" అని తప్ప ఏమీ మిగలదు, కాబట్టి ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తియ్యి, ముందే అడిగి. షో ముందు అస్సలు వద్దు, వార్మప్ టైమ్ అది. రిహార్సల్ అయిన వెంటనే కూడా వద్దు, కాస్త తిని, చెమట ఆరాక. రిహార్సల్ చూడనిస్తారా అని అడుగు, చూడనిస్తే మూల కూర్చుని నోరు మెదపకుండా చూడు. ఒంటి బరువు, గాయాలు, పిల్లలు కనడం, వయసు, వీటి గురించి ముందుగా చెప్పి, వాళ్లు సరేనంటేనే అడగాలి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే తల్లిదండ్రులు పక్కన ఉండాల్సిందే.

దానికంటే ముందు చూడటం నేర్చుకోవాలి. ప్రాక్టీస్ ఇది: ఏదైనా డాన్స్ వీడియోలో మూడు నిమిషాలు తీసుకుని, 'అద్భుతం', 'మనోహరం' లాంటి మాటలు ఒక్కటి కూడా వాడకుండా అక్కడ జరిగింది రాయి. ఎవరు ఎటు కదిలారు, బరువు ఏ కాలి మీద ఉంది, ఎక్కడ ఆగారు. మొదట్లో చిరాకొస్తుంది. జాకబ్స్ పిల్లో అని మసాచుసెట్స్‌లో టెడ్ షాన్ మొదలుపెట్టిన డాన్స్ ఫెస్టివల్ ఉంది, వాళ్ల ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో 1930ల నుంచి క్లిప్పులు ఉచితంగా దొరుకుతాయి, 1962లో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి అక్కడే నాట్యం చేశారు. 2014 నుంచి వరల్డ్ బ్యాలే డే పేరుతో పెద్ద కంపెనీలు తమ క్లాసులు, రిహార్సళ్లు లైవ్‌లో చూపిస్తున్నాయి. బార్ (గోడ పక్కనుండే కడ్డీ) పట్టుకుని ప్లియేతో, అంటే మోకాళ్లు వంచడంతో, మొదలయ్యే ఆ రోజువారీ క్లాసు మొత్తం ఒకసారి ఓపిగ్గా చూడు, హైలైట్స్ కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డాన్స్ విభాగం 1974 నుంచి డాన్సర్లతో మౌఖిక చరిత్ర రికార్డు చేస్తోంది, ఆ ఇంటర్వ్యూలు గంటల తరబడి ఉంటాయి. పదిహేను నిమిషాల వీడియోకి అలవాటుపడిన మనకి అది మంచి మందు.

మన దగ్గరా ఈ పని కొత్తది కాదు. నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యాన్ని మళ్లీ నిలబెట్టగలిగింది గుళ్లలో తరతరాలుగా నాట్యం చేసిన కళావంతుల దగ్గరికి వెళ్లి, వాళ్లని అడిగి, వాళ్లు చేసి చూపిస్తే నేర్చుకోబట్టే కదా. అందుకే నీ మొదటి అసైన్‌మెంట్ విదేశీ డాన్సర్ కాదు, మీ గురువుగారే. పళ్లెం అంచు మీద తరంగం చేసేటప్పుడు కాలివేళ్లు ఏం చేస్తాయో ఆవిణ్ణి అడుగు. ఆ ఒక్క ప్రశ్న మీద గంట మాట్లాడించగలిగితే నువ్వు ఈ పనికి పనికొస్తావు.

చదువు సంగతి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద డాన్స్ డిపార్ట్‌మెంటూ, కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంటూ రెండూ ఒకే చోట ఉన్నాయి, నీకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్ ఉంది, అక్కడ చేయడం కంటే చదవడం, రాయడం ఎక్కువ. ఈ రెండు యూనివర్సిటీల్లోనూ చాలా పీజీ కోర్సులకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకో. తర్వాతి మెట్టుగా యూరప్‌లో కోరియోముండుస్ అనే రెండేళ్ల జాయింట్ మాస్టర్స్ ఉంది, డాన్స్ మీద ఫీల్డ్‌వర్క్ నేర్పుతారు, ఎరాస్మస్ స్కాలర్‌షిప్ దొరికితే ఖర్చు భయం ఉండదు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. పాతికేళ్లు నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్‌కి పెట్టుకోవచ్చు, నెలకి 10,000 చొప్పున రెండేళ్లు. చిన్న మొత్తమే, కానీ ఒక పెద్ద ఇంటర్వ్యూల ప్రాజెక్టుకి ఊతం అవుతుంది.

రాసింది ఎక్కడికి పంపాలంటే, హైదరాబాద్ నుంచే వచ్చే 'నర్తనం' పత్రిక, చెన్నై 'శృతి' పత్రిక, అనితా రత్నం 2000లో మొదలుపెట్టిన నర్తకి పోర్టల్. ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి రాస్తూ ఉండు. తెలుగులో కాంటెంపరరీ డాన్స్ గురించి పని వివరాలతో రాసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు, ఆ ఖాళీ నీదే అనుకో.

మీ నాన్నగారికి ఈ లెక్క చూపించు. ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకి 28 ఏళ్ల దాకా, పీవోకి 30 దాకా అవకాశం ఉంది. నువ్వు ఇప్పుడు పీజీలో చేరి రెండేళ్లు తీసుకున్నా ఆ తలుపు మూసుకుపోదు. ఒకవేళ పీజీ సీటు రాకపోతే కోచింగ్‌లో చేరు, మొహం ముడుచుకుని కాదు, మామూలుగానే చేరు. బ్యాంకులో సాయంత్రాలు ఖాళీ దొరుకుతాయని నేను హామీ ఇవ్వను గానీ, సొంత జీతంతో చెన్నై వెళ్లి ప్రదర్శన చూసి రావడం వేరు, ఇంట్లో అడుక్కుని వెళ్లడం వేరు.

ఇంకొక్కటి అడిగావు: ఎవరో డాన్సర్ డబ్బిస్తాను, నా గురించి ఇంటర్వ్యూ రాయి అన్నారని. డబ్బు తీసుకోవచ్చు, అది తప్పేం కాదు, కానీ అప్పుడది వాళ్ల ప్రచారానికి రాసినది అవుతుంది, వాళ్ల బ్రోషర్‌లోనే వేసుకోమను, దాన్ని పత్రికకి ఇంటర్వ్యూ అని పంపకు. రేటు కూడా ముందే మాట్లాడుకో, సగం అడ్వాన్స్ తీసుకో.