మావారికి హెచ్‌ఐవీ, నాకు నెగెటివ్... కలిసి ఉండొచ్చా?

ప్రశ్న: పెళ్లయి ఏడేళ్లు. నాలుగేళ్ల పాప ఉంది. హెర్నియా ఆపరేషన్ ముందు చేసిన రక్తపరీక్షలో మావారికి హెచ్‌ఐవీ అని తేలింది. మందులు మొదలుపెట్టి ఆరు వారాలైంది. నాకు నెగెటివ్ వచ్చింది. ఏడేళ్లు కాపురం చేసినా నాకెందుకు రాలేదు? ఆ పరీక్ష తర్వాత కూడా రెండుసార్లు కలిశాం, అప్పటినుంచి భయంతో విడిగా పడుకుంటున్నాను. అత్తయ్యేమో రెండో బిడ్డ ఎప్పుడని రోజూ అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ పరీక్ష సంగతి చూద్దాం, తొందరపడాల్సింది అక్కడే. మీకొచ్చిన నెగెటివ్ ఇంకా పూర్తి నెగెటివ్ కాదు. వైరస్ ఒంట్లోకి చేరాక పరీక్షలో బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మూడు నెలలకు మళ్లీ చేయించుకోమంటారు. ఈ మూడు నెలల్ని చాలామంది మొదటి పరీక్ష తేదీ నుంచి లెక్కేస్తారు. అది పొరపాటు. రక్షణ లేకుండా చివరిసారి కలిసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. మీరు పరీక్ష తర్వాత కూడా కలిశారు కాబట్టి ఆ రెండింటిలో చివరి రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. అక్కడికి మూడు నెలలు నిండాక ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, పరీక్ష ఉచితంగా చేస్తారు. అందులోనూ నెగెటివ్ వస్తే పాప గురించి బెంగ అక్కర్లేదు. తండ్రి నుంచి బిడ్డకు నేరుగా రాదు, తల్లికి సోకితేనే బిడ్డకు ప్రమాదం.

ఇన్నేళ్లూ మీకెందుకు రాలేదంటే, ఒక్క కలయికలో భర్త నుంచి భార్యకు సోకే అవకాశం సగటున వెయ్యికి ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. అది సగటు మాత్రమే. వైరస్ కొత్తగా సోకిన వారాల్లో, జననాంగాల దగ్గర పుండ్లు, సుఖవ్యాధులు ఉన్నప్పుడు అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా ఆయనకు సోకి ఎన్నాళ్లయిందో ఈ పరీక్ష చెప్పదు. పెళ్లికి ముందో, నిరుడో తెలియదు. ఆయన్ని నిలదీసే హక్కు మీకుంది, కాదనను. కానీ రిపోర్టును సాక్ష్యంగా పెట్టుకుని తీర్పు చెప్పొద్దు. ఆ మాట ఐసీటీసీ కౌన్సెలర్ ఎదుట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇక కలిసి ఉండటం. మిమ్మల్ని కాపాడేది వేరు పక్క కాదు, ఆయన రోజూ వేసుకునే మాత్ర. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష మందు మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి చేస్తారు. వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలబడితే, లైంగికంగా ఇతరులకు సోకదు. యూరప్‌లో 14 దేశాల జంటలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. అలా వైరస్ అణిగి ఉన్నప్పుడు కండోమ్ లేకుండా సుమారు 58 వేల సార్లు కలిసినా ఒక్కరికి కూడా భాగస్వామి నుంచి వైరస్ రాలేదు.

మీవారు ఇంకా ఆరో వారంలోనే ఉన్నారు. వైరస్ కనబడటం లేదని రిపోర్టు వచ్చి, అది అలాగే నిలబడిందని డాక్టరు చెప్పేదాకా ప్రతిసారీ కండోమ్ తప్పనిసరి. కొబ్బరినూనె, వాజిలైన్ రాయకండి, నూనె తగిలితే రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. తడి కావాలంటే నీటితో చేసిన జెల్ వాడండి. ఒకదానిమీద ఒకటి రెండు తొడిగినా రాపిడికి చిరుగుతాయి. ఈలోగా కండోమ్ చిరిగితే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. మీకు ఇచ్చే నివారణ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి.

మందు ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలుసుకోండి. ఒంట్లో బాగుందని మానేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. ఇప్పుడు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చే మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌తో కలిపి వేసుకుంటే అది సరిగా ఒంటబట్టదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగాలి. సిరప్ ముందు తాగితే మాత్రకు ఆరు గంటలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలు పరగడుపున వేసుకున్నా ఇదే లెక్క, భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. మీవారు వాడే ప్రతి మందునూ ఏఆర్‌టీ డాక్టరుకు చూపించండి.

కంచం, గ్లాసు, తువ్వాలు, బాత్రూమ్ వేరు చేయకండి, అది ఆయన్ని నొప్పించడమే తప్ప మిమ్మల్ని కాపాడదు. షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే.

రెండో బిడ్డ కావాలంటే కనొచ్చు. వైరస్ కనబడని స్థితి ఆరు నెలలు నిలబడ్డాక, డాక్టరుతో మాట్లాడి, నెల మధ్యలో గర్భం నిలిచే రోజుల్లో కండోమ్ లేకుండా కలవొచ్చు. అనుమానం తీరకపోతే మీకు ముందు జాగ్రత్త మాత్ర కూడా ఉంది, అడగండి. గర్భం వచ్చాక, పాలిచ్చే రోజుల్లో మీ పరీక్షలు మానకండి. అప్పుడు మీకు కొత్తగా సోకితే బిడ్డకు చేరే ముప్పు చాలా ఎక్కువ.

అత్తయ్యకు అసలు సంగతి చెప్పాల్సిన అవసరం లేదు. ఆయన ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఉంది. "ఆపరేషన్ అయింది కదా అత్తయ్యా, డాక్టరుగారు ఏడాది ఆగమన్నారు" అనండి. మీకు దిగులు పట్టుకున్నప్పుడు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.